స్టీరింగు గట్టిగా ఉంటే డ్రైవరును తిట్టకండి

(చంద్రశేఖరపురం మండల రైతు సమావేశంలో చేసిన ప్రసంగం)

వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ డ్రైవర్ తమ్ముళ్లూ, కాస్త ముందుకొచ్చి కూర్చోండి. ఈ రోజు మాట్లాడబోయేది మీ సంగతే.

మన మీటింగుల్లో ఎప్పుడూ మద్దతు ధర, పంట బీమా, వెలిగొండ నీళ్లు, కరెంటు, ఇవే మాట్లాడుకుంటాం. మాట్లాడాల్సినవే. పోయిన నెల మేం లేచి, పాత ట్రాక్టర్ల స్టీరింగు గురించి ఒక పూట పెట్టుకుందామంటే కొందరు నవ్వారు. "అది మెకానిక్ పని గానీ సంఘం పనా?" అన్నారు. జవాబు మా ఇంట్లోనే ఉంది. ముందు అది చెప్పి, తర్వాత అసలు పనిలోకి వస్తాం.

మేం ముగ్గురన్నదమ్ములం. కంది, సజ్జ, బోరు పోసినన్నాళ్లు కాస్త మిరప. మా దగ్గరున్నది ముప్ఫై ఏళ్ల నాటి ట్రాక్టరు, సెకండ్ హ్యాండులో కొన్నాం. కంపెనీ పేరు చెప్పం, బండిది తప్పు కాదు, తప్పు మాది. ఆ రోజుల్లో మన పల్లెలకు వచ్చిన బండ్లన్నీ అలాంటివే, పవర్ స్టీరింగు మాట ఎవరూ ఎరుగరు. చేతి బలంతో తిప్పాల్సిందే. మా చేలేమో ఎర్ర నేల, కొండ వైపు పోయేకొద్దీ రాళ్లు. ముందు చక్రం రాయెక్కితే ఆ దెబ్బ నేరుగా స్టీరింగులోకి, అక్కణ్ణుంచి మనిషి చేతుల్లోకి వస్తుంది.

మా దగ్గర తొమ్మిదేళ్లుగా తోలుతున్న డ్రైవరు రెండేళ్ల పాటు ఒకటే మాట చెప్పాడు: "పెద్దన్నా, స్టీరింగు బిగుసుకుపోతాంది. ఒకసారి చూపిద్దాం." మేం ఏమన్నాం? "మడక పట్టి దున్నినోళ్లం రా మేం, చక్రం తిప్పలేవా?" అన్నాం. "అన్నం తినడం లేదా?" అని కూడా అన్నాం. ఈ మాట ఇంతమంది ముందు చెప్పుకోవడం సిగ్గుగానే ఉంది. కానీ ఇక్కడ కూర్చున్న వాళ్లలో ఆ మాట అననివాళ్లు ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి చూద్దాం. ఎవరూ ఎత్తలేదు, మంచిది.

ఒక ఏడాది తొలకరి దుక్కులప్పుడు పొద్దున్నే వచ్చి, చొక్కా తొడుక్కోవడానికి కుడి చెయ్యి లేవడం లేదన్నాడు. కనిగిరి తీసుకుపోతే డాక్టరు భుజం కీలు దగ్గర వాచిందని, మూడు వారాలు బరువు పని చెయ్యొద్దని చెప్పాడు. తోలిన రోజుకే కూలి. మూడు వారాలంటే ఇరవై ఒక్క రోజు. ఆ ఇంట్లో ఇద్దరు బడి పిల్లలు.

పదును ఆరిపోతుందని మాలో చిన్నవాడు బండెక్కాడు. మధ్యాహ్నానికల్లా దిగి, పశువుల తొట్టి దగ్గరికి పోయి రెండు చేతులూ మోచేతుల దాకా నీళ్లలో పెట్టి కూర్చున్నాడు. ఎంతసేపటికీ మాట్లాడలేదు. ఆఖరికి, "అన్నా, వాడు రెండేళ్లు ఎట్ల తోలాడు?" అన్నాడు.

అప్పుడైనా కళ్లు తెరిచామా అంటే, లేదు. బండి పనికిరాదు, కొత్తది తెద్దామనుకున్నాం. ఏడెనిమిది లక్షల బండి. పాసుపుస్తకాల జిరాక్సులు తీశాం, ఫైనాన్సు కాగితాలు ఇంటికి తెచ్చుకున్నాం. సంతకాలు పెట్టే ముందు, పాత బండికి ఎంతొస్తుందో కనుక్కుందామని పామూరులో ఒక ముసలి మేస్త్రీకి చూపించాం. ఆయన ధర చెప్పలేదు. "అమ్మేది తర్వాత గానీ, ముందు జాకీ ఎక్కించండయ్యా" అన్నాడు.

ముందు ఇరుసు లేపి, కింగ్ పిన్ను దగ్గర చిన్న చాకుతో గీకాడు. ఎర్ర రంగు పెళ్లలు పెళ్లలుగా ఊడింది. దాని కింద మట్టి, మట్టి కింద గ్రీజు నిపుల్. సంక్రాంతికి బండికి రంగు వేయించాం కదా, నిపుల్ మీద కూడా కొట్టేశారు. అందరికీ కనిపించే చోట్ల గ్రీజు కొడుతున్నాం, అసలు బరువు మోసే చోట మూడేళ్లుగా చుక్క పోలేదు. ఆయుధ పూజకు అదే చక్రానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ తొక్కించాం! మేస్త్రీ నవ్వి, "దేవుడికి పెట్టారు గానీ బండికి పెట్టలేదు" అన్నాడు.

ఆయన ఇంకా రెండు చూపించాడు. ముందు టైర్లలో ఉండాల్సిన గాలిలో సగమే ఉంది. గాలి తక్కువుంటే రాళ్ల మీద ఎగరదని మేమే తగ్గించాం. మూడోది, అంతకు ముందు స్టీరింగు లూజుగా ఉందని ఒక చోట చూపిస్తే, స్టీరింగు బాక్సు మీది స్క్రూ బిగించి పంపారు. లూజు పోయింది, దాంతో పాటు తేలికదనమూ పోయింది. బుష్షులు, కింగ్ పిన్నుల కింది బేరింగులు, ఒక టై రాడ్డు ఎండు, లేతు కూలి అన్నీ కలిపినా కొత్త బండి మొదటి కిస్తీలో పదో వంతు కాలేదు. ఫైనాన్సు కాగితాలు ఇప్పటికీ మా బీరువాలో ఉన్నాయి, సంతకం లేకుండా.

ఇక పనిలోకి వద్దాం. స్టీరింగు గట్టిగా ఉందంటే ఎక్కడ పట్టేసిందో కనుక్కోవడం పెద్ద విద్య కాదు, వరస తప్పకుండా చూడాలి, అంతే. మనవాళ్లు చివర చెయ్యాల్సింది ముందు చేస్తారు, బాక్సు విప్పేస్తారు. ఒకసారి విప్పిన బాక్సు మళ్లీ మొదటిలా కూర్చోవడం అదృష్టం మీద ఉంటుంది.

ఇనుము జోలికి పోకముందు గాలి చూడండి. ముందు టైర్లు 6.00-16 సైజువైతే సుమారు ముప్ఫై పౌండ్లు. మీ బండికి కచ్చితంగా ఎంతో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. రెండు టైర్లలో ఒకే గాలి ఉండాలి. గాలి తగ్గితే టైరు నేల మీద పరుచుకుంటుంది, పరుచుకున్న టైరును పక్కకు తిప్పాలంటే నేలను రాకినట్టే. కొంతమంది కుర్రాళ్లు చూడటానికి బాగుంటుందని ముందు వెడల్పు టైర్లు వేయిస్తారు, కమ్మీలతో పెద్ద బంపరు చేయిస్తారు, దాని మీద సౌండు బాక్సులు. ఆ బరువంతా తిప్పేది స్టీరింగే. పెళ్లి ఊరేగింపు ఒక్క రోజు, దుక్కి ఏడాదంతా.

తర్వాత జాకీ. చదునైన చోట బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా మొద్దులు పెట్టండి. ముందు ఇరుసు మధ్యలో పిన్ను మీద ఊగుతుంది కాబట్టి లేపాక రెండు వైపులా గట్టి దిమ్మెలు ఆనించాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరొద్దు. ఈ మాట రెండోసారి కూడా చెప్తున్నాం: జాకీని నమ్మి దూరొద్దు.

రెండు ముందు చక్రాలూ గాలిలో ఉన్నప్పుడు స్టీరింగు ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి. తేలిగ్గా తిరిగి, నేల మీద మాత్రం బరువుగా ఉంటే, టైరు గాలో, ముందు బరువో, కింగ్ పిన్ను కింద బరువు మోసే బేరింగో కారణం. గాలిలో కూడా గట్టిగానే ఉంటే, స్టీరింగు బాక్సు చెయ్యి దగ్గర రాడ్డు విప్పండి. కొన్ని పాత మోడళ్లకు బాక్సుకు రెండు వైపులా రెండు రాడ్లుంటాయి, అప్పుడు రెండూ విప్పాలి. ఇప్పుడు స్టీరింగు ఒక్కటే తిప్పి చూడండి, చక్రాలు విడిగా చేత్తో తోసి చూడండి. స్టీరింగు తేలికై చక్రం గట్టిగా ఉంటే జబ్బు కింగ్ పిన్నులో. చక్రం తేలికై స్టీరింగు గట్టిగా ఉంటే బాక్సులోనో, దాని గొట్టంలోని బేరింగులోనో. పావుగంట పని. ఏం విప్పాలో, ఏం విప్పకూడదో మెకానిక్కు మీరే చెప్పగలుగుతారు.

గ్రీజు గురించి కాస్త ఎక్కువ చెప్తాం, ఎందుకంటే చాలా బండ్లకు మందు అదే. బండి నేల మీద ఉండగా కింగ్ పిన్నుకు గ్రీజు కొడితే, బరువు ఆనిన పక్కకు అది పోదు. ఖాళీ ఉన్న పక్క నుంచి బయటికొచ్చేస్తుంది, మనం నిండిందనుకుంటాం. చక్రం లేపి, ఒకరు గన్ను కొడుతుంటే ఇంకొకరు చక్రాన్ని అటూ ఇటూ తిప్పాలి. నల్లటి పాత గ్రీజు పోయి కొత్త రంగు కనిపించేదాకా కొట్టాలి. గన్ను ఎంత నొక్కినా ఎక్కకపోతే నిపుల్ మూసుకుపోయినట్టు. విప్పి, డీజిల్‌లో కడిగి, సన్న తీగతో పొడవండి. అప్పటికీ కాకపోతే కొత్తది వేయండి, అదేమంత ఖర్చు కాదు. కొట్టేముందు నిపుల్‌ను గుడ్డతో తుడవండి, లేకపోతే మట్టిని మనమే లోపలికి తోసినట్టు. దుమ్ము దుక్కుల్లో, చెరువు మట్టి తోలేటప్పుడు, బురదలో దిగినప్పుడు నెలకొకసారి అనే లెక్క పనికిరాదు. బురద నుంచి వచ్చిన సాయంత్రమే కొట్టాలి.

ఇంత చేసినా కింగ్ పిన్ను ఊగుతుంటే బుష్షు అరిగినట్టు. లేపిన చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పట్టుకొని ఊపండి. కదలిక చక్రం బేరింగులోదా, పిన్నుదా అన్నది పక్కనున్న మనిషి చూసి చెప్పగలడు. అరిగిన బుష్షుకు గ్రీజు మందు కాదు, లేతుకు పోవాల్సిందే.

టై రాడ్డు వంగితేనో, ఎండు అరిగితేనో ముందు చక్రాల వరస తప్పుతుంది. దీనికి టేపు చాలు. రెండు ముందు టైర్ల నడి గీతల మీద, చక్రం ఇరుసు ఎత్తులో, ముందు వైపు సుద్దముక్కతో గుర్తు పెట్టి కొలవండి. బండిని ముందుకు తోసి ఆ గుర్తులు అదే ఎత్తులో వెనక వైపుకు వచ్చాక మళ్లీ కొలవండి. ముందు కొలత వెనక కొలత కన్నా కొన్ని మిల్లీమీటర్లు తక్కువుండాలి. ఎన్ని మిల్లీమీటర్లన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది. తేడా పెద్దగా ఉంటే స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున రంపంతో కోసినట్టు అరుగుతుంది.

బాక్సు సంగతి. అందులో నూనె ఉండాలి. ఏ నూనె, ఎంత అన్నది పుస్తకం చూడండి. సీలు పోయి నూనె కారుతుంటే మనవాళ్లు గ్రీజు కుక్కుతారు. గ్రీజును గేరు పక్కకు తోసేస్తుంది, అది తిరిగి రాదు, లోపల పొడిగా రాసుకుంటుంది. సీలు మార్చుకోవడమే దారి. ఇక లూజు తీసే స్క్రూ. బండి ఎక్కువసేపు తిన్నగా పోతుంది కాబట్టి గేరు మధ్యలో ఎక్కువ అరుగుతుంది. మధ్యలో లూజు పోయేదాకా బిగిస్తే, చివరకు తిప్పినప్పుడు పట్టేస్తుంది. కొద్దిగా బిగించి, ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి చూసి ఆపాలి. చివర్లో పట్టేస్తుంటే గేరు మార్చే వయసు వచ్చిందని అర్థం, పానాతో దాన్ని కుర్రది చెయ్యలేం.

పని కాకముందు, అయ్యాక ఎంత తేలికైందో తెలుసుకోవాలంటే మిరపకాయ టిక్కీలు తూచే కొక్కెం త్రాసు చాలు. బండి నేల మీద ఉండగా స్టీరింగు అంచుకు కొక్కెం తగిలించి, వంకర లేకుండా లాగండి. చక్రం కదిలే క్షణానికి ముల్లు ఎక్కడుందో గోడ మీద రాసుకోండి. ఓనరు "బానే ఉంది కదా" అన్నప్పుడు డ్రైవరు ఆ అంకె చూపిస్తాడు.

ఇక తోలే పద్ధతి. ఈ ముక్క మేం చెప్పడం కన్నా తమ్ముళ్లు చెప్తేనే బాగుంటుంది, అయినా కొన్ని చెప్తాం. బండి నిలబడి ఉండగా స్టీరింగు తిప్పొద్దు. ఒక్క అడుగు కదిలినా సగం బరువు తగ్గుతుంది. చేను చివర గొర్రు పూర్తిగా లేపాకే మలపండి. వెంట వెంట సాళ్లలో కాకుండా, నడుమ కొంత వదిలి దున్నుకుంటూ పోతే మలుపు పెద్దదవుతుంది, చేతికి సుఖం. చేలో మలిగేటప్పుడు ఆ పక్క బ్రేకు ఒక్కటే తొక్కితే బండి చులాగ్గా తిరుగుతుంది. రోడ్డెక్కేముందు మాత్రం రెండు బ్రేకు పెడళ్లను కలిపే కొక్కెం వేయడం మరిచారో, ట్రక్కుతో సహా బోల్తా. బొటనవేళ్లు స్టీరింగు లోపలికి పెట్టొద్దు, రాయి తగిలి చక్రం విసిరితే కమ్మీ వేలిని విరుస్తుంది. ఒంటి చేత్తో తిప్పడానికి పిడి బిగించుకుంటారు కొందరు. చదును నేలలో పరవాలేదు, మన రాళ్ల చేలల్లో అది మణికట్టు మీద సుత్తి.

ఒక్క విషయంలో జాగ్రత్త. గట్టిగా ఉండే స్టీరింగు ఉన్నట్టుండి తేలికైతే సంతోషపడకండి. మన పక్క ఎండాకాలం వస్తే ట్రాక్టర్లు చేలల్లో కన్నా నీళ్ల ట్యాంకర్లకే ఎక్కువ తిరుగుతాయి. వెనక బరువు ఎక్కువై, మిట్ట ఎక్కేటప్పుడు ముందు చక్రాలు నేలను వదిలేస్తుంటాయి. అప్పుడు స్టీరింగు వెన్నలా తిరుగుతుంది, బండి మాత్రం తిరగదు. 2020 మేలో అప్పటి మన జిల్లాలోనే, నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిరప కోతకు పోయిన కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దుకుంది. తొమ్మిది మంది పోయారని ఆనాటి పత్రికలు రాశాయి. అది స్టీరింగు వల్ల జరిగిందని మేం అనడం లేదు. కానీ ట్రక్కులో కూలీలను ఎక్కించుకొని కాలవ గట్టు మీద పోయే ప్రతి బండిలో ఆ చక్రం, ఆ రాడ్డు, ఆ చిన్న పిన్ను సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోకపోతే ఎవరి ప్రాణాలతో ఆడుతున్నట్టు? ట్రక్కులో మనుషులను తోలడమే చట్టానికి విరుద్ధం. కోతలప్పుడు కూలీలకు వేరే బండి ఏదని అడిగితే మాత్రం ఎవరూ జవాబు చెప్పరు.

పాత బండికి పవర్ స్టీరింగు బిగించుకోవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. బిగించుకోవచ్చు. పంపు, స్టీరింగు కింద వాల్వు, సిలిండరు, గొట్టాలు, అన్నీ మీ మోడల్‌కు సరిపోయే ఒకే కిట్టుగా దొరికితే, బిగించే మనిషికి ఆ పని తెలిస్తే మంచిదే. పాత ఇనుము అంగట్లో తలా ఒక ముక్క తెచ్చి, ఇరుసుకు వెల్డింగు పెట్టించి చేసుకునేదానికి మేం ఒప్పుకోం. వెల్డింగు వేడికి ఇరుసు బలం పోతుంది. ఇంజను ఆగితే పవరు కూడా ఆగుతుందని డ్రైవరుకు ముందే చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, కింగ్ పిన్ను పట్టేసిన బండికి పవర్ స్టీరింగు బిగిస్తే జబ్బు కనిపించకుండా పోతుంది గానీ తగ్గదు. బలవంతంగా తిప్పితే ఏదో ఒక రోజు రాడ్డు తెగుతుంది.

ఇప్పుడు "సంఘం పనా?" అన్న ప్రశ్నకు వద్దాం. 2022లో యంత్రసేవ పథకం కింద రైతు గ్రూపులకు కొత్త ట్రాక్టర్ల మీద 40 శాతం రాయితీ ఇచ్చారు. ఇచ్చినందుకు వద్దనం. పాత బండిని బాగు చేసుకునే చిన్న రైతుకు మాత్రం ఏ పథకంలోనూ చోటు కనపడదు. కొత్త బండి కొంటే అప్పు ఇస్తామని ఇంటికొస్తారు, కింగ్ పిన్నుకు అప్పిచ్చేవాడు లేడు. పింజోర్‌లోని హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల యూనిట్ మూసివేతకు 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ బండ్లు కొన్న రైతులు విడిభాగాల కోసం ఎక్కడికి పోవాలి? 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. అది చూడాల్సిన నాలుగు రంగాల్లో సెల్‌ఫోన్లు, ఇంటి సామాన్లు, మోటారు వాహనాలతో పాటు వ్యవసాయ పరికరాలూ ఉన్నాయి. సెల్‌ఫోను హక్కు గురించి పట్నంలో మాట్లాడుతున్నారు, ట్రాక్టరు హక్కు గురించి మాట్లాడాల్సింది మనమే. తెలుగులో మరమ్మతు పుస్తకం, పాత మోడళ్లకు అసలు విడిభాగాలు, వాటి ధరల పట్టిక ప్రతి డీలరు గోడ మీద ఉండాలని అడుగుదాం.

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, ట్రాక్టరు టైర్లు, చాలా విడిభాగాల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లు లేకుండా కొంటే ఆ తగ్గింపు మీకు చేరిందో లేదో తెలియదు. బిల్లు అడగండి, శాతం చూడండి, తేడా ఉంటే ఆ బిల్లు సంఘానికి తెచ్చివ్వండి. అనంతపురం పక్కన గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. రైతులకు ట్రాక్టరు తోలడం, చూసుకోవడం నేర్పుతారు. మన మండలం నుంచి డ్రైవర్లనే ముందు పంపాలని మా కోరిక. పోయిన రోజులకు కూలి ఓనర్లు ఇవ్వాలి.

కూలి మాట వచ్చింది కాబట్టి మా ఇంటి కథ మిగతాది. బండి బాగయ్యాక మా డ్రైవరు మళ్లీ వచ్చాడు. కూర్చోబోయి, దిగి, నేల మీద నిలబడే ఒంటి చేత్తో స్టీరింగును అటూ ఇటూ తోసి చూశాడు. "ఇదేనా మన బండి?" అన్నాడు. ఆ ఇరవై ఒక్క రోజుల కూలి ఇచ్చాం. ఆలస్యంగా ఇచ్చాం, మేం అడక్కముందు మా ఇంటి ఆడవాళ్లు అడిగితే ఇచ్చాం. భుజం మాత్రం పూర్తిగా నయం కాలేదు, చలికాలం పొద్దున్నే ఇప్పటికీ పట్టేస్తుంది. దానికి గ్రీజు గన్ను లేదు.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి సంఘం ఆఫీసు ముందు చింతచెట్టు కింద రెండు జాకీలు, దిమ్మెలు, గ్రీజు గన్ను, కొక్కెం త్రాసు పెడతాం. పామూరు మేస్త్రీ వస్తానన్నాడు. బండిని ఓనరూ డ్రైవరూ ఇద్దరూ కలిసి తీసుకురావాలి, ఒక్కరొస్తే చూడం. ముందు చక్రాలు, ఇరుసు ఇంటి దగ్గరే కడుక్కొని రండి. నిపుళ్ల మీద రంగుంటే గీక్కొని రండి.